గ్లకోమాకి లేజర్ అయింది, కంటి ప్రెజర్ 17. ఇంకా ఎందుకు తిరగాలి?

పెరంబూరు పిన్ని:
నాకు 59 ఏళ్లు. ఏడు నెలల కింద ఒక రిసెప్షన్ నుంచి వస్తుంటే బస్సు లైట్ల చుట్టూ రంగురంగుల వలయాలు కనిపించాయి. ఇంటికొచ్చేసరికి కుడి కన్ను, కణత పగిలిపోయేంత నొప్పి, రెండు వాంతులు. విందు పడలేదనుకున్నాం. వీధి చివర క్లినిక్‌లో వాంతులకి ఇంజెక్షన్ వేసి పంపేశారు, కన్ను మాత్రం ఎవరూ చూడలేదు. తెల్లారేసరికి కన్ను మందారం. మనవడి మొహం పొగలో ఉన్నట్టుంది. కంటాసుపత్రిలో గ్లకోమా (నీటికాసులు) అటాక్ అన్నారు, కంటి లోపలి ప్రెజర్ 54, మామూలుగా 21 దాటకూడదట. ప్రెజర్ దించడానికి మానిటాల్ ఎక్కించి, డయామాక్స్ మాత్రలు ఇచ్చి, తర్వాత రెండు కళ్లకీ లేజర్‌తో నల్లగుడ్డులో సూదిమొనంత చిల్లు పెట్టారు. ఆ డయామాక్స్ వాడినన్నాళ్లూ వేళ్లు తిమ్మిర్లే.

ఇప్పుడు ప్రెజర్ 17. నొప్పి లేదు. అయినా మూడు నెలలకోసారి రమ్మంటున్నారు. డబ్బాలో తలపెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కే పక్క చూపు పరీక్ష ఒకటి, అందులో నాకు నిద్రొస్తుంది. "తగ్గిందిగా, డబ్బు దండగ" అంటారు మావారు. జలుబు మాత్ర వేసుకోవాలన్నా టెన్షనే. ఎవరికైనా ఇలా అయిందా?

వేళచేరి కోడలు:
పిన్నిగారూ, దయచేసి మానకండి. మా అత్తయ్యగారికి ఇదే జరిగింది. నొప్పి లేదు కదా అని లేజర్ తర్వాత రెండేళ్లు మేమే వెళ్లలేదు. శుక్లం కోసం వెళితే ప్రెజర్ 32, అప్పటికే పక్క చూపు కొంత పోయింది. అది తిరిగి రాదన్నారు. కంట్లో నీరు బయటికి పోయే మూల అటాక్‌లో అతుక్కుపోతే, చిల్లు ఉన్నా ఆ మూల విడిపోదట. ప్రెజర్ మెల్లగా పెరిగితే నొప్పే తెలియదు. అక్కడే మోసపోయాం. శుక్లం తీసి పల్చటి లెన్స్ పెట్టాక లోపల చోటు పెరిగి 16కి దిగింది. రాత్రి చుక్కల మందు మాత్రం ఇప్పటికీ ఉంది. ఫ్రిజ్ మీద క్యాలెండర్లో టిక్కు పెట్టేది నేనే.

చుక్కల లెక్క (ఆప్టోమెట్రిస్టు):
అమ్మా, ఈసారి వెళ్లినప్పుడు "గోనియోస్కోపీలో మూల ఎంత తెరుచుకుంది?" అని అడగండి. కంటి మీద లెన్స్ పెట్టి ఆ మూలని చూసే పరీక్ష అది. 17 అనేది ఆ పూట లెక్క మాత్రమే. బటన్ పరీక్ష పొద్దున్నే పెట్టించుకోండి, కునుకు తీస్తే రిపోర్టు తప్పొస్తుంది. జలుబు మాత్రల అట్ట మీద గ్లకోమా హెచ్చరిక ముఖ్యంగా మూల ఇరుకుగా ఉండి లేజర్ చేయించుకోని వాళ్ల కోసం. చిల్లు తెరిచే ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదు, అయినా మీ డాక్టరుని అడిగాకే వేసుకోండి. నాకు మీకంటే మీ తోబుట్టువుల గురించే బెంగ. ఇది కుటుంబాల్లో వస్తుంది. ప్లస్ పవర్ ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి ఇంకా ఎక్కువ.

పెరంబూరు పిన్ని:
నెల్లూరులో మా అక్కకి చిన్నప్పట్నుంచీ ప్లస్ పవరే! ఫోన్ చేశాను. "నాకేం, సూదిలో దారం ఎక్కిస్తున్నాను" అంది.

చుక్కల లెక్క:
దారం ఎక్కించినా మూల ఇరుకుగా ఉండొచ్చమ్మా. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసే ముందే, చెల్లెలికి అటాక్ వచ్చిందని చెప్పమనండి. మూల ఇరుకైతే ఆ చుక్కలే అటాక్ తెప్పించొచ్చు.

పెరంబూరు పిన్ని:
అక్క శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తోంది. నా అపాయింట్‌మెంటూ అదే రోజుకి మార్పించాను. మావారే చెన్నై సెంట్రల్‌కి వెళ్లి తీసుకొస్తానన్నారు.