ఓడలు ‘నా’ బండ్లమీదా, ‘ఆ’ బండ్లమీదా?

భీమిలి గాలి
అందరికీ నమస్కారం. 1942 ఏప్రిల్‌లో మన బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ భారీ క్రూజర్ల (పెద్ద తుపాకుల యుద్ధనౌకల) మీద వ్యాసం రాస్తున్నాను. చోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మొగామి. అడ్మిరల్ ఒజావా నడిపిన ఆ దళం కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వర్తక నౌకల్ని ముంచేసింది. మూడేళ్లు తిరక్కుండానే ఆ అయిదు క్రూజర్లూ సముద్రం పాలయ్యాయి. వ్యాసం నెత్తిన సుమతి పద్యం పెడదామనుకుంటే రెండో పాదం దగ్గర కాలు ఆగింది.

ఓడల బండ్లును వచ్చును
ఓడలు నా బండ్లమీద నొప్పుగ వచ్చున్
ఓడలు బండ్లును వలెనే
వాడంబడు గలిమిలేమి వసుధను సుమతీ!

ఈ ‘నా’ ఏమిటండీ? బద్దెన తన సొంత బండ్ల గురించి చెప్పడం లేదు కదా. మీలో ఎవరికైనా వేరే పాఠం గుర్తుందా?

కందం అభిమాని
వేరే పాఠం అక్కర్లేదు. అచ్చువేసినవాళ్లు పదం తప్పుగా విరిచారు, అంతే. ఓడలును + ఆ బండ్లమీద. ఉత్వం పోయి ‘ఓడలునాబండ్లమీద’ అయింది. మొదటి పాదంలో ‘బండ్లును’ అన్నాడు, రెండో పాదంలో దానికి జోడీగా ‘ఓడలును’ అన్నాడు. ‘ఆ బండ్లు’ అంటే పై పాదంలో ఓడ ఎక్కి వచ్చిన బండ్లే. దీర్ఘం తీసేద్దామన్నా కుదరదు. నాలుగు మాత్రలు కావాల్సినచోట ‘నబం’ అయితే మూడే వస్తాయి, గణం చెడిపోతుంది.

గోదారి గట్టు
దీర్ఘం ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ అది ‘ఆ’ ఎందుకు కావాలి? పాత తెలుగులో ‘నాఁ’ అంటే ‘అనఁగా, అన్నట్లు’ అని అర్థం ఉంది కదా. ‘ఓడలు నాఁ బండ్లు’ అంటే ఓడలా అన్నట్టున్న బండ్లు. నాకు ఇదే పద్యానికి ఎక్కువ అందం తెస్తుందనిపిస్తుంది.

కందం అభిమాని
అందం సరే, అన్వయం? ఓడల్లాంటి బండ్ల మీద వచ్చేది ఏమిటి? మీ లెక్కన ఆ పాదంలో కర్త మాయమైపోయాడు గోదారి గారూ.

లంగరు
‘నా’ సంగతి పెద్దలు తేలుస్తారు. భీమిలి గారికి ఒక మనవి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది ఆ క్రూజర్లు కాదు. వాటితోపాటు వచ్చిన ర్యూజో అనే విమానవాహక నౌక మీది విమానాలు. క్రూజర్లు గుంపులుగా విడిపోయి సముద్రంలో వర్తక నౌకల్ని వేటాడాయి. ఉత్తరపు గుంపులో కుమానో, సుజుయా ఒడిశా తీరం వైపు వెళ్లాయి. మునిగినవాటిలో ‘గంజెస్’ అనే ఓడ కూడా ఉంది. మా వైపు పాతవాళ్లు ఇప్పటికీ ‘జపానోడి ఓడ బాంబు వేసింది’ అనే అంటారు. వ్యాసంలో ఆ రెండూ కలిసిపోకూడదని చెబుతున్నాను.

భీమిలి గాలి
కలవనివ్వను. విశాఖ మ్యూజియంలో ఆనాటి పేలని బాంబు ఉంది కదా, దాని గురించి రాసిన పేరాలోనే ఆ తేడా చెప్పాను.

పాత మాస్టారు
మీరంతా రెండో పాదం దగ్గరే ఉన్నారు. నాలుగో పాదంలో ‘వాడంబడు’ మాటేమిటి? నేను పిల్లలకు ‘కలిమి వాడిపోతుంది’ అనే చెప్పేవాణ్ని. పువ్వు వాడినట్లు సంపద వాడుతుంది. కవి హృదయం అక్కడే ఉంది.

కందం అభిమాని
మాస్టారూ, మీమీద గౌరవంతోనే అంటున్నాను. పువ్వు వాడడం అకర్మకం. దానికి ‘పడు’ చేరదు, ‘వాడబడిన పువ్వు’ అని ఎవరూ అనరు. ఇది వాడుక వాడు. వాడన్ + పడు, వాడంబడు. ఓడలు, బండ్లు ఒకదానికొకటి ఎలా పనికివస్తాయో కలిమి లేములూ అలా మార్చి మార్చి అనుభవంలోకి వస్తాయని. సున్న తీసి ‘వాడబడు’ అన్నా లాభం లేదు, ఆరో గణం జగణం (లఘువు, గురువు, లఘువు) కాకుండా పోతుంది.

పాత మాస్టారు
వ్యాకరణం మీదే బాబూ. కానీ ఆ అయిదు ఓడల కథ చదివితే వాడిపోవడమే గుర్తొస్తుంది. లంగరు గారూ, అవి ఎలా పోయాయో కాస్త చెప్పండి.

లంగరు
మికుమా ముందు పోయింది. 1942 జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర రాత్రిపూట అమెరికా జలాంతర్గామి కనబడి అందరూ గభాల్న తిరగబోతే, మొగామి వెళ్లి మికుమాను గుద్దింది. మర్నాడు విమానాలు వచ్చి మికుమాను ముంచాయి. అసలు చెప్పుకోవాల్సింది మొగామి సంగతి. ముక్కు నలిగి కుంటుతున్న ఆ ఓడలో, నష్టాల మరమ్మతు చూసే అధికారి తన టార్పీడోలన్నిటినీ సముద్రంలో పారేయించాడు. జపాన్ నౌకాదళానికి ఆ ఆక్సిజన్ టార్పీడోలంటే ప్రాణం, అయినా వదిలేశాడు. మికుమా తనవి ఉంచుకుంది. బాంబులు పడ్డప్పుడు అవే పేలాయి. మొగామి మాత్రం ఇల్లు చేరింది.

సుజుయాకూ అదే గతి. 1944 అక్టోబర్ 25న ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవి దగ్గర పక్కన పడిన బాంబుకు దాని టార్పీడోలు అంటుకున్నాయి. చోకాయ్ కూడా ఆ రోజే పోయింది. మొగామి ఆ రోజే సురిగావో జలసంధి పోరులో దెబ్బతిని చచ్చింది, అదీ మళ్లీ ఇంకో క్రూజర్‌ని, నాచిని, గుద్దుకున్నాక. కుమానో ముక్కును జాన్‌స్టన్ అనే అమెరికా డిస్ట్రాయర్, క్రూజర్ కంటే చాలా చిన్న ఓడ, టార్పీడోతో ఎగరగొట్టింది. అది మనీలా దాకా ఈదుకుంటూ వెళ్లింది, తరవాత జలాంతర్గాముల టార్పీడోలు తిని లూజాన్ తీరంలో ఇసక మీద ఆగింది. నవంబర్ 25న విమానాలు దాన్ని ముగించాయి.

గోదారి గట్టు
జాన్‌స్టన్ సంగతి వింటే బద్దెన ఇంకో పద్యం నోటికొస్తోంది. ‘లావుగలవాని కంటెను భావింపగ నీతిపరుడు బలవంతుండౌ, గ్రావంబంత గజంబును మావటివాడెక్కినట్లు’. కొండంత ఏనుగు మీద మావటివాడు! భీమిలి గారూ, మీ వ్యాసానికి ఓడలు-బండ్లు కంటే ఇదే నప్పుతుందేమో ఆలోచించండి. ‘గ్రావంబంత’ అన్న ఒక్క మాటలో ఆ ఏనుగు కళ్లముందు నిలబడుతుంది. నాలుగు పాదాల్లో ఇంత పని చేయించేవాడు శతకకారుల్లో ఇంకెవరున్నారు?

పాత మాస్టారు
వేమన ఉన్నాడు నాయనా.

గోదారి గట్టు
వేమన ఉన్నాడండీ. కానీ ఆటవెలదికి చివర మకుటం ఒక పాదమంతా తింటుంది. సుమతికి మూడక్షరాలు చాలు.

లంగరు
నా మాట వింటే ఓడలు-బండ్లే ఉంచండి. మొగామి, మికుమా, సుజుయా, కుమానో నాలుగూ పుట్టినప్పుడు లైట్ క్రూజర్లు. యుద్ధనౌకలకు హద్దులు పెట్టిన లండన్ నౌకా ఒప్పందం లెక్కల కోసం ఒక్కోదానికి పదిహేను 155 మిల్లీమీటర్ల తుపాకులు పెట్టారు. యుద్ధానికి ముందు అవి పీకి పది 203 మిల్లీమీటర్ల తుపాకులు బిగించారు, దాంతో హెవీ అయ్యాయి. ఇక్కడ హెవీ అంటే ఓడ బరువు కాదు, తుపాకీ నోరు. జపాన్‌లో హెవీ క్రూజర్లకు కొండల పేర్లు, లైట్ క్రూజర్లకు నదుల పేర్లు. ఈ నాలుగూ పెద్దవాటి వరసలోకి వచ్చాక కూడా నదుల పేర్లతోనే ఉండిపోయాయి. బండి ఓడైందంటే ఇదే కదా. చోకాయ్ ఒక్కటే మొదటినుంచీ కొండ పేరుది.

ఓడ బండెక్కిన సంగతి కూడా ఉంది. టోనే అని ఇంకో క్రూజర్, 1944 మార్చిలో ‘బీహార్’ అనే బ్రిటిష్ ఓడను ముంచి, పట్టుకున్నవాళ్లలో చాలామందిని డెక్కు మీదే చంపించింది. దాని కెప్టెన్‌కు యుద్ధం తరవాత శిక్ష పడింది. ఆ టోనే 1945 జులైలో కురే రేవు దగ్గర కూలబడి, చివరికి ముక్కలు ముక్కలుగా కోసి ఇనపతుక్కైంది.

భీమిలి గాలి
ఇంత సరుకు దొరికింది, అందరికీ ధన్యవాదాలు. టోనే సంగతి తప్పకుండా చేరుస్తాను, చనిపోయినవాళ్లను వదిలేసి తుపాకుల లెక్క ఒక్కటే రాస్తే ఆ వ్యాసానికి అర్థం లేదు. పద్యం ఓడలు-బండ్లే. ‘ఓడలునాబండ్లమీద’ అని విడదీయకుండా వేస్తాను. తాటాకు మీద ఎలాగూ మాటల మధ్య ఖాళీ ఉండదు.

గోదారి గట్టు
విడదీయకపోతే మంచిదే. కానీ ‘నాఁ’ అయితే అరసున్న ఉండాలి. అది వేస్తారా, మానేస్తారా? వెయ్యకపోతే మీరు కందం గారి పక్షం తీసుకున్నట్టే.

కందం అభిమాని
అరసున్న ఎన్ని అచ్చుల్లో ఎగిరిపోయిందో మీకూ తెలుసు. అది లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు, ఉన్నా గణాల్లో మార్పు రాదు. ఈలోపు మూడో పాదం చూడండి. నా దగ్గరున్న ప్రతిలో ‘వలెనే’ కాదు, ‘వలనే’ అని ఉంది.