దూరదర్శన్ వార్తల్లో పక్షపాతం లెక్కించాలంటే మంత్రి మాటల్ని ఏ ఖాతాలో వేయాలి?

ప్రసార భారతి చట్టం (1990) 12వ సెక్షన్ ప్రకారం దూరదర్శన్ భిన్నాభిప్రాయాలను సమతూకంగా చూపాలి, తన సొంత సిద్ధాంతమంటూ ఏదీ ప్రచారం చేయకూడదు. 2024 ఏప్రిల్‌లో డీడీ న్యూస్ లోగో కాషాయమైనప్పుడు గొడవంతా రంగు మీదే నడిచింది. నిజానికి చూడాల్సింది ఎవరికెన్ని నిమిషాలిచ్చారన్నది. అందుకే యాదగిరి, సప్తగిరి ఛానళ్ల సాయంత్రం బులెటిన్లను లెక్కగడుతున్నాం.

రెండు నెలల్లోంచి ఒక సోమవారం, ఇంకో వారంలోని మంగళవారం, అలా ఏడు రోజులు ఏరుతున్నాం. వరసగా ఒకే వారం తీసుకుంటే ఏ ప్రధాని పర్యటనో తగిలి లెక్క తారుమారవుతుంది. నాయకుడి గొంతు వినిపించిన సెకన్లు ఒక గడిలో, అతని గురించి యాంకర్ చదివినవి మరో గడిలో. ఒకే బులెటిన్‌ను ఇద్దరు విడివిడిగా గుర్తించాలి, ఇద్దరి గుర్తింపులూ ఎంత కలిశాయో చెప్పే కొలత కప్పా 0.7 కన్నా తగ్గితే నిర్వచనాలు తిరగరాయాలి.

చిక్కల్లా ఒక్కటే. కేంద్రమంత్రి వంతెన ప్రారంభిస్తూ 40 సెకన్లు పథకం గురించి చెప్పి, 20 సెకన్లు ప్రతిపక్షాన్ని దుయ్యబడితే మొత్తం ప్రభుత్వ ఖాతాలో వేయాలా, వాక్యాలవారీగా విడగొట్టాలా? మొదటిదైతే పార్టీ ప్రచారం దాక్కుంటుంది. రెండోదైతే ఇద్దరి గుర్తింపులూ కలవవు. రాష్ట్రంలో వేరే పార్టీ ప్రభుత్వముంటే ముఖ్యమంత్రిదీ ఇదే తంటా. ఇలాంటి లెక్కలు చేసినవాళ్లెవరైనా మీ కోడింగ్ నియమాలు (ఏ మాటను ఏ ఖాతాలో వేయాలన్నవి) పంచుకుంటారా?