డబ్లిన్‌లో ప్లానింగ్ దరఖాస్తు మీద అభిప్రాయం ఎలా రాస్తే పట్టించుకుంటారు?

మేం డబ్లిన్‌లో పాత జార్జియన్ (18వ శతాబ్దపు శైలి) ఇళ్ల వరుస ఉన్న వీధిలో అద్దెకుంటున్నాం. ఎర్ర ఇటుక గోడలు, తలుపు పైన అర్ధచంద్రాకారపు అద్దం, పై అంతస్తుకు వెళ్లేకొద్దీ చిన్నవయ్యే కిటికీలు. మూలనున్న ఖాళీ స్థలం గేటుకి మొన్న ప్లానింగ్ (భవన నిర్మాణ అనుమతి) నోటీసు అంటించారు. తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంట్లు కడతారట.

ఇళ్లు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. అద్దెల బాధ ఇక్కడున్న మనవాళ్లందరికీ తెలిసిందే. కానీ 1960ల్లో ఇక్కడే ఫిట్జ్‌విలియమ్ స్ట్రీట్‌లో విద్యుత్ బోర్డు ఆఫీసు కోసం 16 జార్జియన్ ఇళ్లు కూల్చేశారు. పోయిన ఆ ఇళ్లు మళ్లీ రాలేదు. నా టెన్షన్ అదే. పైగా 2018 నుంచి భవనాల ఎత్తు విషయంలో ప్రభుత్వమే పట్టు సడలించింది.

నగర కౌన్సిల్‌కు దరఖాస్తు అందిన ఐదు వారాల్లోపు 20 యూరోలు కట్టి ఎవరైనా అభిప్రాయం పంపొచ్చని తెలుసు. ఇదివరకు పంపినవాళ్లుంటే చెప్పండి. అసలు కట్టొద్దనకుండా, వీధి వైపు నాలుగంతస్తులకు తగ్గించి వెనక వైపు పెంచమంటే వింటారా? నీడ ఎంత పడుతుందో మేమే లెక్క చూపాలా, బిల్డర్ ఇచ్చిన డ్రాయింగులు చాలా? వీధివాళ్లంతా కలిసి ఒకటే పంపాలా, విడివిడిగానా? గడువు దగ్గర పడుతోంది, తెలిసినవాళ్లు దయచేసి కాస్త వివరంగా రాయండి.