బ్రేక్ డ్యాన్స్ పాత సినిమాలు బాగా తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి

1984లో వచ్చిన 'బ్రేకిన్', 'బీట్ స్ట్రీట్' లాంటి సినిమాలు ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పగలరా? వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని వీధిలో పిల్లలందరం కలిసి చూసిన తరం మాది, 'పసివాడి ప్రాణం'లో చిరంజీవి 'చక్కని చుక్కల సందిట బ్రేక్ డ్యాన్స్' అంటూ వేశాక అయితే మా ఊళ్లో ఆ స్టెప్పులు వేయని కుర్రాడు లేడు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ చూసినప్పటి నుంచి మా అబ్బాయికి దీని మీద పిచ్చి పట్టింది. 'బ్రేకిన్'లో టర్బో చీపురు పట్టుకుని వేసే డ్యాన్స్ చూపించాను (నాకైతే ఇప్పటికీ దాన్ని మించింది లేదు). 'బీట్ స్ట్రీట్'లో రాక్ స్టెడీ క్రూ, న్యూయార్క్ సిటీ బ్రేకర్స్ అనే రెండు డ్యాన్స్ బృందాలు ఢీకొనే సీన్ మళ్లీ మళ్లీ పెట్టమన్నాడు.

కథ ఎలా ఉన్నా పర్వాలేదు. డ్యాన్సర్ తల నుంచి పాదాల దాకా కనబడాలి, ఇప్పటి సినిమాల్లోలా క్షణానికో కట్ ఉండకూడదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధుల్లో పుట్టిన బ్రేకింగ్ వేరు, కాలిఫోర్నియా నుంచి వచ్చిన పాపింగ్ (కండరాలు ఠక్కున బిగించి వదులుతూ వేసేది), లాకింగ్ (కదులుతూ కదులుతూ ఒక్కసారిగా బిగుసుకుపోయి ఆగేది) వేరు కదా, ఆ తేడా వాడికి తెలిసేలా చూపించే డాక్యుమెంటరీలున్నా చెప్పండి. 'ది ఫ్రెషెస్ట్ కిడ్స్' చూసేశాం.

ఇంకొకటి, హైదరాబాద్‌లో పాపింగ్ పద్ధతిగా నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? సినిమా పాటల స్టెప్పులు నేర్పే క్లాసులు వద్దు. ఆదివారాలు నలుగురూ ఒకచోట చేరి సాధన చేసే చోటు ఉంటే ఇంకా సంతోషం, వాడికి పదమూడేళ్లు, నేనే దగ్గరుండి తీసుకొస్తాను.