అప్‌డేట్: లారీ డోరు మూల అద్దం బిగించాం

మా లారీ ఎడమ డోరు మూలలో ఉండే కిటికీ అద్దం పగిలి, దాని చుట్టూ ఉండే రబ్బరు ఎండిపోయి వాననీళ్లు కారుతున్నాయి, ఎలా మార్చాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, పని అయిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో అద్దం, రబ్బరు రెండూ దొరికాయి. ఇది టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచిన అద్దం), కోస్తే ముక్కముక్కలైపోతుంది, సైజుకి తయారైందే కొనాలి. పాత రబ్బరు పీకితే కింద రేకంతా తుప్పు. గీకి, రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) కొట్టి ఆరనిచ్చాం.

అన్నా, మీరు చెప్పిన తాడు పద్ధతి సూపర్! రబ్బరు ముందు అద్దానికి తొడిగి, దాని బయటి గాడిలో నైలాను తాడు చుట్టి, సబ్బునీళ్లు రాశాం. బయట మా క్లీనరు అరచేత్తో నొక్కుతుంటే లోపల్నుంచి తాడు లాగాను. రబ్బరు అంచు టపటపా రేకు మీదికెక్కింది, ఇరుకు మూల దగ్గర మాత్రం కాసేపు మొండికేసింది. గ్రీజు రాద్దామన్నాడు మావాడు, వద్దన్నా. నూనె తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. పైపుతో నీళ్లు కొట్టి చూశాం, చుక్క కూడా దిగలేదు. ఇక కుడి డోరు సంగతి చూడాలి.