తేనె పెట్టెల మీద పడుతున్న పెద్ద కందిరీగల్ని ఆపేదెలా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. జామతోటలో నాటు తేనెటీగల పెట్టెలు నాలుగున్నాయి. వానలు వెనకబట్టినప్పటి నుంచీ పెద్ద కందిరీగల బెడద మొదలైంది. ఎర్ర గోధుమ ఒళ్లు, పొట్ట మీద పసుపు పట్టీ. గుమ్మం ముందు గాల్లో నిలబడి, మేత నుంచి వచ్చే ఈగను ఒడిసిపట్టి జామకొమ్మ మీదికి తీసుకెళ్తుంది. తల, రెక్కలు తుంచి పారేసి రొమ్ము భాగం ముద్ద చేసి పిల్లల కోసం మోసుకుపోతుంది.

మన ఈగలు ఊరికే ఉండవు, దొరికినదాన్ని గుంపుగా కమ్మి ఆ వేడికే చంపేస్తాయి. కానీ చిన్న పెట్టెలో ఆ బలం చాలడం లేదు, మేతకు పోవడమే మానేశాయి.

గుమ్మానికి చెక్క అడ్డం పెట్టి సందు తగ్గించాను. నాటు ఈగ సులువుగా దూరి, కందిరీగ దూరకుండా ఎన్ని మిల్లీమీటర్లు ఉంచాలి? సీసా ఉచ్చులో బెల్లం నీళ్లు పోస్తే మన ఈగలే పడతాయేమోనని భయం. పులిసిన కల్లు గానీ చేప ముక్క గానీ పెట్టి చూసినవాళ్లున్నారా? పురుగుమందు మాత్రం చెప్పకండి, తోటలో కొట్టనివ్వను. వాటి గూడు వెతికి తీయించాలంటే ఎవర్ని పిలవాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, చిన్న పెట్టె ఇంకెన్నాళ్లో ఆగేలా లేదు.