6/9 కొడితే సెప్టెంబరు అయిపోయింది! కంటి డేటా, మూడు ల్యాబులకి ఒకే ప్రోగ్రామర్: సలహా కావాలి

ఆప్టోమెట్రీ రీసెర్చ్ అసిస్టెంట్, విజయనగరం:
అందరికీ నమస్తే. బొబ్బిలి చుట్టుపక్కల బడుల్లో రెండొందల మంది పిల్లల చూపు పరీక్షించి, ఇద్దరం కూర్చుని స్ప్రెడ్‌షీట్‌లో ఎంట్రీ చేశాం. నిన్న ఫైలు తెరిస్తే చూపు కొలత 6/9 (మామూలు కన్ను 9 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచే చదవగలగడం) అని కొట్టిన చోటల్లా 06-సెప్ అని ఉంది. 6/60 కాస్తా జూన్-60 అయింది. సెల్‌ని టెక్స్ట్‌కి మారిస్తే 45906 లాంటి అంకెలొస్తున్నాయి. మొత్తం మళ్ళీ కొట్టాలా? ఇంకో మాట. మేమూ, ఊళ్ళోనే ఇంకో ల్యాబూ, శ్రీకాకుళంలో ఒకటీ కలిసి ఒక ప్రోగ్రామర్‌ని పెట్టుకుందామనుకుంటున్నాం. మూడిటికీ ఒక్కరు సరిపోతారా?

డేటా పని చూసే అన్న, శ్రీకాకుళం:
కంగారు పడకు చెల్లెమ్మా, డేటా ఎక్కడికీ పోలేదు. షీటు తేదీని 1900 నుంచి రోజుల లెక్కలో దాచుకుంటుంది. 45906 అంటే 2025 సెప్టెంబరు 6. రోజు 6, నెల 9, అంటే నువ్వు కొట్టింది 6/9. జూన్-60 రకం వేరు. అక్కడ 6 నెలగా, 60 ఏడాదిగా పడి, లోపల 1960 జూన్ 1 అని ఉంటుంది. మీ ఇద్దరి లాప్‌టాపుల్లో తేదీ సెట్టింగు వేరైతే అదే 6/9 ఒకదాంట్లో జూన్ 9 అయి ఉంటుంది. చూపు కొలతలో గీతకి పైన ఎప్పుడూ 6యే కాబట్టి కింది అంకె దొరికిపోతుంది. పది లైన్ల పైథాన్ కోడు పని. ముందు అసలు ఫైలుని కాపీ తీసి, దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టు. సరిచేశాక ఓ ఇరవై ఫారాలు తీసి పోల్చి చూడు. ఇకమీదట కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ చెయ్యి. కొట్టేశాక చేస్తే లాభం లేదు.

రీసెర్చ్ అసిస్టెంట్:
హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది అన్నయ్యా! తర్వాత కింది అంకెలకి సగటు కట్టేస్తే చాలు కదా?

అన్న:
వద్దమ్మా. ఒకరికి 6/6, ఒకరికి 6/60 అనుకో. కింది అంకెల సగటు 33. లాగ్‌మార్‌లో, అంటే కింది అంకెని 6తో భాగించి లాగ్ తీసే చూపు కొలతలో, మొదటిది 0, రెండోది 1, సగటు 0.5, అంటే దాదాపు 6/19. ఎంత తేడానో చూడు. చార్టు వరసలు గుణకారంలో పెరుగుతాయి, అందుకే 6తో భాగించి లాగ్ తీశాకే సగటు. ఇంకోటి, రెండొందల మంది పిల్లలంటే నాలుగొందల కళ్ళని నాలుగొందల మందిలా లెక్కెయ్యకు. ఒకే పిల్లాడి రెండు కళ్ళూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. లేని బలం లెక్కకి వచ్చేస్తుంది. ఒక కన్నే ముందుగా నిర్ణయించుకుని తీసుకో, లేదా ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఎల్‌ఎమ్‌ఈ4 ప్యాకేజీతో పిల్లాణ్ణి రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టు, అంటే రెండు కళ్ళూ ఒకే పిల్లాడివని లెక్కకి చెప్పు. నేను చూసిన వాటిలో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

ప్రోగ్రామర్ సంగతి. ఒక్కరు సరిపోతారు, కాకపోతే మొదటి పిల్లాణ్ణి పరీక్షించకముందే పిలవాలి. డేటా అంతా వచ్చాక పిలిస్తే ఆ మనిషి బతుకంతా ఇలాంటి సెప్టెంబర్లు సరిచెయ్యడంతోనే సరి. అమెరికాలో నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ పీ30 గ్రాంట్లు ఇచ్చేది ఇలాంటి ఉమ్మడి సాయానికే, ఒక్కో ల్యాబూ విడివిడిగా పెట్టుకోలేనివి కలిసి వాడుకోవడానికి. మీరూ వారంలో ఒక్కో ల్యాబుకి ఒక్కో రోజు ఖాయం చేసుకోండి. లాగ్‌మార్ మార్చే కోడు మూడు ల్యాబులకీ ఒకటే ఉండాలి, లేకపోతే రేపు అంకెలు కలపలేరు. లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు భారమైతే అలాంటిదే ఆక్టేవ్ ఉచితం, చూపు ప్రయోగాలకి వాడే సైక్‌టూల్‌బాక్స్ దాంట్లోనూ నడుస్తుంది.

రీసెర్చ్ అసిస్టెంట్:
మూడు ల్యాబుల వాళ్ళం శనివారం మీ దగ్గరికి రావచ్చా?

అన్న:
తప్పకుండా రండి. ఫారాల కట్ట తెచ్చుకోండి. పిల్లల పేర్లున్న లిస్టు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసి రండి. నాకు నంబర్లు చాలు.